మోనోస్కీనా, బైస్కీనా, ఊరి దగ్గరి కొండా? అమెరికాలో అడాప్టివ్ స్కీయింగ్‌కి వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళకు

అమెరికాలో చలికాలం సెలవులకు నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి స్కీ ట్రిప్ వేసుకుంటే, వైకల్యమున్న పిల్లాడో పెద్దాయనో ఉన్న కుటుంబం రెండింట్లో ఒకటి చేస్తుంది. ఒకరిని ఇంట్లో తోడు ఉంచి మిగతావాళ్ళు వెళ్తారు. లేదా అందరూ వెళ్ళి, ఆ ఒక్కరిని లాడ్జిలో కిటికీ పక్కన కూర్చోబెట్టి ఫోటోలు తీయమంటారు. చాలా రిసార్టుల్లో ఆ కిటికీకి కూతవేటు దూరంలోనే వాళ్ళు వాడగలిగిన స్కీలు, నేర్పడం తెలిసిన మనుషులు ఉంటారన్న సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

వైకల్యానికి తగ్గట్టు మార్చిన పరికరాలతో చేసే ఈ స్కీయింగ్‌ను అడాప్టివ్ స్కీయింగ్ అంటారు. కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్న ఆస్ట్రియా, జర్మనీ సైనికులు చేతికర్రల చివర చిన్న స్కీలు బిగించుకుని కొండలు దిగడం మొదలుపెట్టారు. అమెరికాలో గాయపడి తిరిగొచ్చిన సైనికులు 1967లో పెట్టుకున్న సంఘం ఇప్పుడు మూవ్ యునైటెడ్ పేరుతో దేశమంతా నడుస్తోంది. 1970లో కొలరాడోలోని వింటర్ పార్క్‌లో హాల్ ఓలియరీ అనే స్కీ ఇన్‌స్ట్రక్టర్, డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చిన 23 మంది పిల్లలకు పాఠాలు చెప్పాడు. అందరూ కాలో చెయ్యో తీసేసిన పిల్లలే. అక్కడ మొదలైందే నేషనల్ స్పోర్ట్స్ సెంటర్ ఫర్ ది డిజేబుల్డ్. మొదటి వింటర్ పారాలింపిక్స్ 1976లో స్వీడన్‌లో జరిగాయి.

కాబట్టి ఇప్పుడు "చేయగలడా" అన్న ప్రశ్నకు దాదాపు ఎవరి విషయంలోనైనా జవాబు అవుననే. మిగిలేవి రెండు ప్రశ్నలు: ఏ పరికరం, ఏ చోటు. మనవాళ్ళు మొదటిదాని గురించి రాత్రిళ్ళు యూట్యూబ్ చూసి టెన్షన్ పడతారు. రెండోదాన్ని హోటల్ డీల్‌ని బట్టి తేల్చేస్తారు. నా దృష్టిలో ఇది తలకిందుల లెక్క. పరికరాన్ని మొదటిరోజు ఇన్‌స్ట్రక్టరే మీతో మాట్లాడి, కూర్చోబెట్టి చూసి, అవసరమైతే మధ్యాహ్నానికి మార్చేస్తారు. వచ్చిన ధైర్యం నిలుస్తుందా, అక్కడ నలుగురు స్నేహితులు మిగులుతారా అన్నది మాత్రం మీరు ఎంచుకున్న చోటు మీద ఆధారపడుతుంది. అయినా పరికరాల గురించి కాస్త తెలిసి వెళ్తే అక్కడ మాట్లాడటం సులువు, అందుకే ముందు వాటి సంగతి.

కూర్చుని దిగే స్కీలు

వీల్‌చెయిర్ వాడేవాళ్ళకు, ఎక్కువసేపు నిలబడలేనివాళ్ళకు సిట్‌స్కీలు ఉన్నాయి. వీటిలో ముఖ్యమైనవి రెండు.

మోనోస్కీ అంటే ఒంటికి బిగుతుగా పట్టే సీటు, దాని కింద షాక్ అబ్జార్బర్, అడుగున ఒకే ఒక్క స్కీ. రెండు చేతుల్లో అవుట్‌రిగ్గర్లు ఉంటాయి, అంటే చివర బుల్లి స్కీ బిగించిన పొట్టి చేతికర్రలు. ఒక్క స్కీ మీద నిలవాలి కాబట్టి నడుములో పట్టు, భుజాల్లో బలం ఉండాలి. వెన్నెముకకు కింది భాగంలో గాయమైనవాళ్ళు, రెండు కాళ్ళూ లేనివాళ్ళు, స్పైనా బిఫిడా (పుట్టుకతో వచ్చే వెన్నెముక లోపం) ఉన్నవాళ్ళలో చాలామంది దీన్ని ఎంచుకుంటారు. మొదట్లో పడతారు. అవుట్‌రిగ్గర్‌ను మంచుకు ఆనించి, ఒళ్ళు విసిరి లేస్తారు, మళ్ళీ పడతారు. పట్టు దొరికాక మాత్రం దీనికి సాటి లేదు. కొండపైకి తీసుకెళ్ళే లిఫ్ట్ దగ్గరకొచ్చాక సీటును పైకి లేపుకునే ఏర్పాటు ఉంటుంది. అలవాటైనవాళ్ళు ఎవరి చెయ్యీ తగలకుండా లిఫ్ట్ ఎక్కి, దిగి, కొండంతా తిరుగుతారు. పారాలింపిక్స్‌లో కూర్చుని కొండ దిగే పోటీల్లో కనిపించేది ఇదే.

బైస్కీకి సీటు కింద రెండు స్కీలు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ కాబట్టి అంత తేలిగ్గా పక్కకు ఒరగదు. సెరెబ్రల్ పాల్సీ, మస్క్యులర్ డిస్ట్రఫీ, మెడ దగ్గర వెన్నెముక గాయం ఉన్నవాళ్ళకు సాధారణంగా దీంతోనే మొదలుపెడతారు. తల, భుజం ఒకవైపు వంచితే ఆ వైపు తిరుగుతుంది. ఇన్‌స్ట్రక్టర్ వెనక హ్యాండిల్ పట్టుకుని రావచ్చు. లేదంటే టెథర్ అనే పొడవాటి పట్టీలు పట్టుకుని, కొంచెం దూరం నుంచి వేగం అదుపు చేస్తూ రావచ్చు.

రెండింటిలో ఏది? శరీరం సగం జవాబు చెప్తుంది, మిగతా సగం స్వభావం చెప్తుంది. మెడికల్ రిపోర్టు ప్రకారం మోనోస్కీ చేయగలిగినా, మొదటిరోజంతా పడుతూనే ఉంటే "నావల్ల కాదు" అని ముడుచుకుపోయే మనిషైతే, బైస్కీతో మొదలుపెట్టమంటాను. గాలి ముఖానికి తగలడం, మలుపు తనవల్లే తిరగడం మొదటిరోజే అనుభవంలోకి వస్తే, రెండోరోజు పడటానికి కూడా సిద్ధపడతాడు. ఎవరైనా వెనక పట్టుకుంటే ఒళ్ళు మండే రకం ఉంటారు, ముఖ్యంగా యాక్సిడెంట్ తర్వాత నెలల తరబడి అందరి సాయమూ తీసుకుని విసిగిపోయిన కుర్రాళ్ళు. వాళ్ళను నేరుగా మోనోస్కీలో కూర్చోనివ్వండి. పడనివ్వండి. తనంతట తాను లేచిన ఆ ఒక్క లేవడమే వాళ్ళకు కావాల్సింది. బైస్కీ చిన్న తరగతి, మోనోస్కీ పెద్ద తరగతి అన్నట్టు చూడకండి. జీవితాంతం బైస్కీలో ఉంటూ, చేతి అవుట్‌రిగ్గర్లతో నిటారు కొండలు దిగేవాళ్ళూ ఉన్నారు.

చేతులు కూడా కదలనివాళ్ళ కోసం యూటా విశ్వవిద్యాలయం టెట్రాస్కీ తయారుచేసింది. జాయ్‌స్టిక్‌తో గానీ, గొట్టంలోకి ఊదుతూ పీలుస్తూ గానీ మలుపునూ వేగాన్నీ మనిషే నిర్ణయిస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ టెథర్ పట్టుకుని వెనకే ఉంటాడు. ఇది అన్నిచోట్లా ఉండదు, కావాలంటే ముందే ఫోన్ చేసి అడగాలి.

నిలబడి దిగేవాళ్ళకు

ఒక కాలే ఉన్నవాళ్ళు, లేదా ఒక కాలే బలంగా ఉన్నవాళ్ళు ఒక స్కీ, రెండు అవుట్‌రిగ్గర్లతో దిగుతారు. మంచు మీద మూడు గీతలు పడతాయి కాబట్టి దీన్ని త్రీట్రాక్ అంటారు. రెండు కాళ్ళూ ఉన్నా బలం చాలకపోతే రెండు స్కీలు, రెండు అవుట్‌రిగ్గర్లు. అది ఫోర్‌ట్రాక్. అవుట్‌రిగ్గర్లు పట్టుకున్నా నిలవలేని పిల్లలకు, పెద్దవాళ్ళు వాడే వాకర్‌కు అడుగున స్కీలు పెట్టినట్టుండే స్లైడర్ ఉంది.

ఇక్కడ పోలియో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికన్ ఇన్‌స్ట్రక్టర్లలో చాలామంది పోలియో కాలును అరుదుగా చూసి ఉంటారు. మనకు మాత్రం అది అరుదు కాదు. డెబ్బైల్లో, ఎనభైల్లో ఆంధ్రాలో, తెలంగాణలో పుట్టి, కాలిపర్‌తో బడికి నడిచి, ఇంజినీరింగ్ చేసి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఇప్పుడు నలభైల్లో, యాభైల్లో ఉన్నారు. వాళ్ళకు త్రీట్రాక్ బాగా కుదరొచ్చు, ఎందుకంటే ఇన్నేళ్ళూ బరువంతా మోసిన రెండో కాలు చాలా గట్టిది. మోకాలి కింద మాత్రమే బలహీనత ఉంటే, స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌తో చీలమండను బిగించి పడుతుంది కాబట్టి కొందరు కాలిపర్ లేకుండానే ఫోర్‌ట్రాక్ చేయగలరు. ఇది బూటు తొడిగి చూశాకే తేలుతుంది. రెండు జాగ్రత్తలు తప్పవు. పోలియో కాలికి రక్తప్రసరణ తక్కువ, తొందరగా చల్లబడుతుంది, మధ్యమధ్యలో లోపలికి వచ్చి చూసుకోవాలి. వయసు పెరిగాక వచ్చే పోస్ట్ పోలియో అలసట ఉంటే పూర్తిరోజు కాకుండా పూటపాఠం తీసుకోవాలి. "నడవగలిగినవాణ్ణి, సిట్‌స్కీలో కూర్చోవడమేంటి" అన్న పట్టుదల కూడా మన పెద్దవాళ్ళలో కనిపిస్తుంది. నడవగలిగే చాలామంది ఇక్కడ కూర్చునే దిగుతారు, ఎవరూ అడగరు.

ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఎక్కువగా మామూలు స్కీలే వాడతారు. స్కీల ముందు కొనలు విడిపోకుండా పట్టి ఉంచే క్లిప్, వెనక నుంచి టెథర్, అంతే తేడా. అసలు సమస్య కొండ కాదు, బూట్లు, హెల్మెట్, గాగుల్స్ ఒంటికి తగిలే తీరు. అవి ముందే అద్దెకు తెచ్చి ఇంట్లో టీవీ చూస్తున్నప్పుడు తొడిగించండి. చూపు లేనివాళ్ళకు గైడ్ ముందో వెనకో ఉండి, హెడ్‌సెట్‌లో మలుపులు చెప్తూ వస్తారు. ఇద్దరికీ ప్రత్యేకమైన జాకెట్లు ఉంటాయి, మిగతావాళ్ళు దారి ఇస్తారు.

కృత్రిమ కాలున్న కుర్రవాళ్ళు స్నోబోర్డ్ అడుగుతారు. అడగనివ్వండి. పారా స్నోబోర్డ్ 2014 సోచి పారాలింపిక్స్‌లో మొదటిసారి చేరింది. మోకాళ్ళ కింద రెండు కాళ్ళూ లేని ఏమీ పర్డీ ఆ ఏడాది కాంస్యం గెలిచింది. స్నోమొబైల్ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న మైక్ షుల్జ్, ఆటల కోసం తానే మోకాలు తయారుచేసుకుని 2018లో స్వర్ణం గెలిచాడు. కానీ నడకకు వాడే మామూలు కృత్రిమ కాలు స్నోబోర్డ్ మీద అంతగా వంగదు, ముందు మీ ప్రాస్థెటిస్ట్‌తో, అంటే కృత్రిమ కాలు అమర్చే నిపుణుడితో మాట్లాడాలి.

కొండ వద్దనుకుంటే

ఎత్తు భయం ఉన్నవాళ్ళు, లిఫ్ట్ చూస్తేనే వణికేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు నార్డిక్ సిట్‌స్కీ ఉంది. చదునైన దారిలో, తేలికైన ఫ్రేమ్ మీద కూర్చుని రెండు కర్రలతో తోసుకుంటూ వెళ్ళడం. వేగం తక్కువ, కష్టం ఎక్కువ, ఖర్చు తక్కువ. ఉక్రెయిన్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన ఒక్సానా మాస్టర్స్ పారాలింపిక్ పతకాలు చాలావరకు దీనిలోనే తెచ్చుకుంది. వీల్‌చెయిర్ తోసి తోసి గట్టిపడిన భుజాలు ఉన్నవాళ్ళకు నేను ముందు దీన్నే చెప్తాను. పక్కనే ఇంట్లోవాళ్ళు స్నోషూలతో నడవొచ్చు, అందరూ ఒకే దారిలో ఉంటారు. కొండ మీద అది కుదరదు.

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా తెలుగువాళ్ళకు దగ్గరలో మంచే లేదు. మీకు సరైనది స్లెడ్ హాకీ. పుట్టింది స్టాక్‌హోమ్‌లో, 1960లలో. బ్లేడ్ల మీద అమర్చిన స్లెడ్‌లో కూర్చుని, రెండు పొట్టి కర్రలతో తోసుకుంటూ, వాటితోనే పక్‌ను, అంటే హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళను కొడతారు. మాల్‌లో ఉండే ఐస్ రింక్ చాలు. ఒక టీమ్ అంటూ ఉండటం, వారం వారం ప్రాక్టీస్, ఓడితే అందరూ కలిసి తిట్టుకోవడం, ఇవన్నీ ఉంటాయి కాబట్టి స్నేహాల లెక్కలో ఇది స్కీయింగ్ కన్నా ముందుంటుందని నా నమ్మకం.

పేరున్న చోటా, దగ్గరి చోటా

పేరున్నవి కొలరాడో, యూటాలలో ఉన్నాయి. వింటర్ పార్క్, 1976 నుంచి నడుస్తున్న బ్రెకెన్‌రిడ్జ్ సెంటర్, పార్క్ సిటీలో 1985లో మొదలైన నేషనల్ ఎబిలిటీ సెంటర్. పరికరాల వైవిధ్యం, అనుభవజ్ఞులైన ఇన్‌స్ట్రక్టర్లు ఇక్కడ ఎక్కువ. కష్టమైన కేసు, అంటే ఏ సీటులోనూ కుదరని శరీరం, వెంటిలేటర్, టెట్రాస్కీ అవసరం, ఇలాంటివైతే మొదటిసారి వీటికే వెళ్ళండి. డెన్వర్‌లో ఉంటే మీ అదృష్టం, ఇవే మీ దగ్గరి చోట్లు కూడా. ఒక హెచ్చరిక: బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది. విమానం దిగి నేరుగా వెళ్తే తలనొప్పి, ఆయాసం వస్తాయి. డెన్వర్‌లో ఒక రాత్రి ఆగి వెళ్ళండి.

కానీ ఏడాదికి ఒకసారి విమానమెక్కి వెళ్ళి, మూడు రోజులు నేర్చుకుని వస్తే ఏమవుతుంది? ఫోటోలు బాగుంటాయి. వాట్సాప్‌లో పెదనాన్నలు, అత్తయ్యలు చప్పట్లు కొడతారు. వచ్చే ఏడాదికి ఒళ్ళు సగం మర్చిపోతుంది, ఇన్‌స్ట్రక్టర్ మారిపోతాడు, మళ్ళీ మొదటి నుంచీ మన కథంతా చెప్పాలి. అదే డబ్బుతో ఇంటికి దగ్గరగా ఉన్న చిన్న కొండకు సీజనంతా వెళ్తే, నాలుగోవారానికి వాలంటీర్‌కు మీ అమ్మాయి పేరు, తనకు ఎడమవైపు తిరగడం ఇష్టముండదన్న సంగతి, పులిహోర తింటుందన్న సంగతి తెలుస్తాయి. లంచ్ బల్ల దగ్గర అదే వీల్‌చెయిర్ బ్రాండ్ వాడే ఇంకో అమ్మ కూర్చుంటుంది. స్కూలు ఐఈపీ (పిల్లాడికి ప్రత్యేకంగా వేసే చదువు ప్రణాళిక) మీటింగులో ఏం అడగాలో, ఏ డాక్టర్ మాట వింటాడో ఆ బల్ల దగ్గరే తెలుస్తుంది.

మన పండగ సభల్లో ఈ పిల్లల గురించి అందరూ తల్లినే అడుగుతారు, "ఎలా ఉన్నాడమ్మా బాబు?" అని, బాబు పక్కనే ఉండగా. కొండ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ వంగి బాబునే అడుగుతాడు, "ఈరోజు వేగంగానా, నెమ్మదిగానా?" అని. ఆ ప్రశ్న వారం వారం వినాలి. ఒక్కసారి వింటే చాలదు.

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లో ఉన్నవాళ్ళకు స్నోక్వాల్మీ గంటలోపు దూరం. అవుట్‌డోర్స్ ఫర్ ఆల్ సంస్థ అక్కడ పాఠాలు నడుపుతుంది. మంచు తడిగా ఉంటుంది, వాన కూడా పడుతుంది, ఏం ఫర్వాలేదు. న్యూజెర్సీవాళ్ళకు న్యూయార్క్ క్యాట్‌స్కిల్ కొండల్లోని విండమ్‌లో అడాప్టివ్ స్పోర్ట్స్ ఫౌండేషన్ ఉంది, శనివారం పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉండొచ్చు. వర్జీనియాలో వింటర్‌గ్రీన్, బోస్టన్ వైపువాళ్ళకు వెర్మాంట్ అడాప్టివ్, బే ఏరియావాళ్ళకు టాహోలో అచీవ్ టాహో. బే ఏరియా నుంచి మాత్రం "దగ్గర" అనడం కష్టం. మంచు పడితే ఐ-80 మీద టైర్లకు గొలుసులు కట్టాలి, ట్రాఫిక్‌లో రోజు పోతుంది. వారం వారం కుదరదు, రెండు మూడు పొడవాటి వీకెండ్లు ముందే బుక్ చేసుకుని, ఒకే ఇన్‌స్ట్రక్టర్‌ను ఇమ్మని అడగండి. అడిగితే చాలాచోట్ల వీలైనంత చూస్తారు.

వీటికి మధ్యలో క్యాంపులు ఉన్నాయి. మూవ్ యునైటెడ్ డిసెంబర్‌లో బ్రెకెన్‌రిడ్జ్‌లో జరిపే స్కీ స్పెక్టాక్యులర్ వారం, మాజీ సైనికులకు 1987లో మొదలై ఇప్పుడు కొలరాడోలోని స్నోమాస్‌లో జరుగుతున్న వింటర్ స్పోర్ట్స్ క్లినిక్ లాంటివి. ఈమధ్యే గాయపడిన పెద్దవాళ్ళకు క్యాంపు మంచిది. తనలాంటి శరీరాలు వందల్లో ఒకేచోట కనబడటం ఏ కౌన్సెలింగ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది. చిన్నపిల్లలకు మాత్రం ఆ హడావుడి అనవసరం.

అమ్మానాన్నలు, అమ్మమ్మలు

ప్రమాదం తక్కువగా ఉండేదాన్నే మనం ఎంచుకుంటాం, సహజం. కానీ ఇన్‌స్ట్రక్టర్ "టెథర్ తీసేద్దామా" అన్నప్పుడు జవాబు మీరు చెప్పకండి, పిల్లల వైపు చూడండి. పాఠం జరుగుతున్నంతసేపూ వెనకే ఫోన్ పట్టుకుని నడిచే తండ్రి ఉంటే పిల్లాడు కొండను చూడడు, నాన్న ముఖాన్ని చూస్తాడు. మీరూ ఒక లెసన్ తీసుకోండి, వేరే కొండ మీద. అన్నయ్యకో చెల్లికో వయసు సరిపోతే అక్కడే వాలంటీర్‌గా చేర్పించండి. కాలేజీ అప్లికేషన్ కోసమే మొదలుపెట్టినా తప్పులేదు.

ఇండియా నుంచి వీడియో కాల్‌లో "ఇంత చలిలో ఆ బిడ్డను ఎందుకమ్మా హింసపెట్టడం" అనే మాట తప్పక వస్తుంది. వాదించకండి, వీడియో పంపండి. ఆ అమ్మమ్మే వచ్చే చలికాలం ఇక్కడికి వస్తే తీసుకెళ్ళండి, అయితే ఆవిడ కూడా స్కీ సీటులో కూర్చుంటానంటే విజిటర్ ఇన్సూరెన్స్ ముందు చదవండి. చాలా పాలసీలు స్కీయింగ్ గాయాలను మినహాయిస్తాయి.

డాక్టర్ దగ్గర, ఫారం మీద

వెన్నెముక గాయం ఉన్నవాళ్ళకు చల్లదనం తెలియదు, ఫ్రాస్ట్‌బైట్ అయ్యేదాకా తెలియదు. సీటులో ఒరిపిడికి పుండ్లు పడొచ్చు, తమ జెల్ కుషన్ వాడొచ్చా అని అడగండి, ప్రతి విరామంలో చర్మం చూడండి. చాలాకాలంగా కదలని కాళ్ళ ఎముకలు పలచబడి ఉంటాయి, చిన్న దెబ్బకే విరగొచ్చు. గాయం ఛాతీ మధ్య భాగానికి పైన ఉంటే, నిండిన యూరిన్ బ్యాగ్ లాంటి చిన్న కారణంతో కూడా బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు, కొండెక్కేముందు ఖాళీ చేయాలి. డౌన్ సిండ్రోమ్ ఉంటే మెడ ఎముకల గురించి డాక్టర్‌ను అడగాలి. సికిల్ సెల్ అనే రక్తవ్యాధి ఉన్నవాళ్ళు ఎత్తు ప్రదేశాల గురించి తప్పక అడగాలి. మూర్ఛ ఉంటే ఫారంలో దాచకండి. సంబంధాల దగ్గర దాచే అలవాటు ఇక్కడ కూడా చూపిస్తే, లిఫ్ట్ మీద పట్టీ కట్టాలో వద్దో ఇన్‌స్ట్రక్టర్‌కు తెలియకుండా పోతుంది.

బరువు కూడా నిజమే రాయండి. సిట్‌స్కీలకు బరువు పరిమితులుంటాయి, తప్పు రాస్తే అక్కడికెళ్ళాక కూర్చోవడానికి సీటు ఉండదు.

డబ్బు విషయానికొస్తే, పాఠం ఫీజులోనే సాధారణంగా లిఫ్ట్ టికెట్, పరికరం, ఇన్‌స్ట్రక్టర్ అన్నీ కలిసి ఉంటాయి, మామూలు రిసార్ట్ ప్రైవేట్ లెసన్‌తో పోలిస్తే చాలా తక్కువ. విరాళాలతో నడిచే సంస్థలు కదా. స్కాలర్‌షిప్ అడగటానికి సిగ్గుపడకండి, ఫారంలోనే ఒక గడి ఉంటుంది. సొంత మోనోస్కీ మాత్రం వేల డాలర్లు. ఒక సీజన్ అద్దెవి వాడకుండా కొనొద్దు. కొనాల్సి వస్తే వెన్నెముక గాయమున్నవాళ్ళకు కెల్లీ బ్రష్ ఫౌండేషన్, ఇతర వైకల్యాలకు కూడా ఛాలెంజ్డ్ అథ్లెట్స్ ఫౌండేషన్ గ్రాంట్లు ఇస్తాయి.

బట్టల్లో కాటన్ వద్దు. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్, పైన నీళ్ళు ఇంకని జాకెట్. సిట్‌స్కీలో కదలిక తక్కువ కాబట్టి నిలబడేవాళ్ళకన్నా ఒక పొర ఎక్కువ. బుకింగ్‌కి జనవరి దాకా ఆగొద్దు. శని, ఆదివారాల స్లాట్లు ముందే నిండిపోతాయి, క్రిస్మస్, ప్రెసిడెంట్స్ డే సెలవులైతే మరీ. దీపావళి హడావుడి ముగియగానే ఫారం పంపేయండి.